సౌందర్యమునకు కొలబద్ద

లోకములో మిక్కిలి పాతబడిన ప్రశ్నలలో ‘అందమనగా నేమి?’ అనునది యొకటి. ఈ ప్రశ్నను అడిగినవారిలో పెక్కురు పురుషులు. సమాధానముగా వారు చూపినది స్త్రీని. శిల్పి రాతిలో మలచినను, కవి పద్యములో పొదిగినను, చూచువాడు ఒకడు, చూడబడునది మరియొకతె. చూచువాని కొలతలు యుగయుగమునకు మారుచు వచ్చినవి. మారెడు ఆ కొలతలకు తన మేనిని, మనస్సును అమర్చుకొనవలసిన భారము మాత్రము చూడబడు నామెమీదనే పడినది. కావున ఇది కేవలము కళావిమర్శకు చెందిన ప్రశ్న కాదు; ధర్మమునకు చెందిన ప్రశ్న.

పెండ్లిచూపులలో పదిమంది యెదుట కూర్చుండబెట్టబడి, రంగు తక్కువయని తిరస్కరింపబడిన కన్య యొకతె తన గదిలోనికి పోయి అద్దములో ముఖమును చూచుకొనును. ఆ క్షణమున ఆమె దేనిని పోగొట్టుకొన్నది? ఆమెయందు నిజముగా లోపించిన దేమి? ఆత్మ నిత్యమనియు, శుద్ధమనియు, పూర్ణమనియు బోధించు వేదాంతము ఈ కన్యకు చెప్పదగిన మాట యొకటి యుండవలెను. అట్టి మాట లేనిచో ఆ బోధ గ్రంథములలోనే నిలిచిపోవును.

మారుచున్న కొలతలు

ముందుగా కొలతల చరిత్రను కొంత చూడవలెను. 1908లో ఆస్ట్రియా దేశమునందలి విల్లెండార్ఫ్ గ్రామమువద్ద సున్నపురాతితో చేసిన చిన్న స్త్రీమూర్తి యొకటి దొరకినది. దాని యెత్తు సుమారు 11 సెంటీమీటర్లు. వయస్సు పాతికవేల సంవత్సరములకు పైబడినదని పండితుల అంచనా. అది స్థూలమైన శరీరము, నిండైన పొట్ట, భారమైన వక్షము గల మూర్తి. ముఖమునకు కన్నులు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. చలికిని, ఆకలికిని వెరచుచు బ్రతికిన ఆ జనులకు పుష్టియే శోభగా తోచియుండవచ్చును. 1917లో పాట్నావద్ద దీదార్‌గంజ్‌లో గంగయొడ్డున బయటపడిన చామరధారిణియగు యక్షిణి మరియొక యాదర్శము. చునార్ ఇసుకరాతిని అద్దమువలె మెరయునట్లు నునుపుచేసి చెక్కిన ఆ మూర్తి సన్నని నడుముతో, విశాలమైన కటితో, కొంచెము ముందుకు వంగిన మేనితో నిలిచియున్నది. దానికి మెరుగు పెట్టిన శిల్పి పేరు ఎవ్వరికిని తెలియదు. అతని యెదుట నిలిచిన స్త్రీ యెవరో అంతకంటెను తెలియదు.

చైనాలో సుమారు వేయి సంవత్సరములపాటు చిన్న పాదమే స్త్రీకి అందమని యెంచిరి. పసిబాలికల పాదములను గుడ్డలతో బిగించి, వ్రేళ్ళు లోనికి మడిగి ఎముకలు విరుగునట్లు చేసిరి. నడువలేక తూలెడు ఆ పాదములకు ‘బంగారు తామరలు’ అని ముద్దుపేరు పెట్టిరి. 1912లో నూతనముగా నేర్పడిన ప్రజాప్రభుత్వము ఆ యాచారమును నిషేధించినది. అయినను అది పూర్తిగా తొలగుటకు మరికొన్ని దశాబ్దులు పట్టినది. జపానులో పెండ్లియైన స్త్రీలు దంతములకు నల్లరంగు వేసికొనుట శోభగా భావింపబడెడిది. 1870లో ప్రభుత్వము ఉన్నతవంశములవారిని అది మానుమని యాజ్ఞాపించినది. ఐరోపాలో 16వ శతాబ్దినాటి సంపన్నస్త్రీలు సీసము కలిసిన తెల్లని లేపనమును ముఖమునకు పూసికొనిరి. అది చర్మమును తినివేయు విషము.

మన దేశమునందే చూచినను కొలత నిలకడగా నున్నది కాదు. మహాభారతమున ద్రౌపది శ్యామవర్ణ. అగ్నివేదినుండి వెలువడిన ఆ నల్లని కన్యకు కృష్ణ యనియే పేరు. ఆమె స్వయంవరమునకు దేశదేశముల రాజులు గుమిగూడిరి. ఆమె రంగు ఎవ్వరికిని కొరతగా తోచలేదు. ఆ భారతమునే పారాయణము చేయు నిండ్లలో నేడు వధువునకు తెల్లని మేనివన్నె కావలెనని కోరుచున్నారు. మేనికి తెలుపు తెత్తునని 1975లో అంగడికి వచ్చిన యొక లేపనము 2020లో తన పేరు మార్చుకొన్నది. పేరు మారినంతమాత్రమున దానిని కొనువారి కోరిక మారినదని చెప్పుటకు వీలులేదు.

సత్యమునకు మన పెద్దలు చెప్పిన లక్షణము మూడు కాలములయందును బాధింపబడకుండుట. ఈ కొలతలలో ఏ యొక్కటియు ఆ పరీక్షకు నిలువదు. ఒకచోట వంక యనబడినదే మరియొకచోట వన్నె. ఒక తరమున విరుగగొట్టబడిన పాదమే తరువాతి తరమున అంగవైకల్యము. అయినను ప్రతి తరమువారును తమ కొలత సృష్ట్యాదినుండి యున్నదే యనుకొందురు. అద్దము ముందు నిలిచిన కన్య మొదట తెలిసికొనవలసినది ఇదియే: ఆమెను కాదన్నది సత్యము కాదు, కాలము. అదియు మరికొంత కాలమునకు తానే మారబోవు కాలము.

కవుల చూపు

కవులు ఈ విషయములో లోకులకంటె మేలుగా చూచిరా? కొందరు చూచిరి. సాతవాహన రాజగు హాలుని పేరిట నున్న ప్రాకృత గాథాసప్తశతిలో పల్లెటూరి జీవితము కనబడును, గోదావరీతీరము కనబడును. అందొక గాథలో వంటచేయుచున్న యిల్లాలు మసి యంటిన చేతితో ముఖమును తాకుకొనును. భర్త అది చూచి, ఆమె ముఖమిప్పుడు మచ్చతో కూడిన చంద్రునివలెనే యున్నదని నవ్వును. అక్కడ అందము కొలతలలో లేదు. మసితో నున్నది, పొయ్యివద్దనున్న పనితో నున్నది, ఒకరినొకరు ఎరిగిన యిద్దరి నవ్వుతో నున్నది.

కాలము గడచిన కొలది ఆస్థానకావ్యములలో పోలికలు పట్టికగా గట్టిపడినవి. కురులు తుమ్మెదలు, నుదురు అర్ధచంద్రుడు, కన్నులు కలువలు, ముక్కు సంపెంగ, పెదవి దొండపండు, మెడ శంఖము, నడక హంస. తలవెండ్రుకలనుండి కాలిగోళ్ళవరకు ఒక్కొక్క యవయవమునకు ఒక్కొక్క వస్తువు నియతమై పోయినది. పారశీక కవులకు సరుగుచెట్టువంటి మేను, నార్సిసు పువ్వువంటి కన్ను. ఇటలీలో 14వ శతాబ్దినాటి పెట్రార్కుకు బంగారు కురులు. దేశమును బట్టి పూవులు మారినవి గాని పద్ధతి మారలేదు. 1609లో అచ్చుపడిన సానెట్లలో ఒకదానియందు షేక్స్పియరు ఈ పోలికల నన్నింటిని వేళాకోళము చేసి, తన ప్రియురాలికి వానిలో నేదియు లేదనియు, అయినను ఆమె అరుదైనదేయనియు చెప్పెను.

ఈ పట్టికలో ఒక చిక్కు కలదు. ముఖము చంద్రునివలె నున్నదని మెచ్చినప్పుడు మెచ్చబడినది చంద్రుడు. ముఖము కేవలము అతని ప్రతినిధి. పదునెనిమిది పోలికలను పేర్చిన పిదప పదునెనిమిది వస్తువులు మిగులును గాని ఒక మనిషి మిగులదు. ఆమె యేమి తలచునో, దేనికి వగచునో, దేనిని ఎరుగునో ఆ పద్యములు అడుగవు.

ఇట్టి చూపు పురుషులకే పరిమితమైనది కాదని అల్లసాని పెద్దన మనుచరిత్రమున చూపెను. వరూధిని హిమాలయమున ప్రవరుని చూచి అతని రూపమునకు వశురాలయ్యెను. అతడు ఆమెను త్రోసిపుచ్చి, అగ్నిదేవుని ప్రార్థించి యిల్లు చేరెను. మున్ను ఆమెచే కాదనబడిన గంధర్వు డొకడు ప్రవరుని రూపమును ధరించి వచ్చినంతనే ఆమె అతనినే ప్రవరుడని నమ్మెను. ఆమె కోరినది ప్రవరుని; ఆమెకు దొరకినది ప్రవరుని తొడుగు. ఆ తొడుగులో ఉన్నవాడు వేరని ఆమె కనులకు తెలియలేదు. రూపమువద్దనే ఆగిపోవు కన్ను, అది స్త్రీది కానీ పురుషునిది కానీ, ఇట్లే మోసపోవును. ప్రవరుడు ఆమెను విడిచినను, విడువకున్నను, ఆమె ప్రవరుని ఎన్నడును చూడలేదు.

అంబపాలి చెప్పిన మాట

ఈ కేశాదిపాదవర్ణన నంతటిని తలక్రిందులు చేసిన స్త్రీ యొకతె మన దేశమున పూర్వమే యుండెను. ఆమె వైశాలీనగరపు వేశ్య యగు అంబపాలి. బుద్ధభగవానుని తన మామిడితోటకు వచ్చినప్పుడు దర్శించి, మరునాటి భిక్షకు ఆహ్వానించినది. ఆ భిక్షనిచ్చు భాగ్యమును తమకు విక్రయింపుమని లిచ్ఛవి కుమారులు ఎంత ధనమిచ్చెదమన్నను ఆమె అంగీకరింపలేదు. జీవితమంతయు తన శరీరమునకు వెల కట్టబడుట ఎరిగిన స్త్రీకి వెల కట్టరాని దొకటి ఆనాడు దొరకినది.

వార్ధక్యమున ఆమె భిక్షుణియై చెప్పిన పద్యములు పాలిభాషలోని థేరీగాథలలో నిలిచియున్నవి. వానిలో ఆమె కవుల క్రమమునే తీసికొన్నది. మొదట కురులు, పిదప కనుబొమలు, కన్నులు, ముక్కు, దంతములు, కంఠస్వరము, మెడ, బాహువులు, అట్లు దిగి దిగి పాదములవరకు. ప్రతి యవయవమునకు ఒకనాడు లోకము పెట్టిన పోలికను ముందు చెప్పును. నేడది ఎట్లున్నదో వెంటనే చెప్పును. ఆ చెప్పుటలో ఏడ్పు లేదు. నింద లేదు. సత్యవాది యగు గురువు పలికిన మాట తన మేనిపైననే సత్యమైనదని సాక్ష్యము పలుకు నిశ్చలత మాత్రమే యున్నది. ఇతరులు ఆమెను గూర్చి పాడుచు వచ్చిన పాటను ఆమె తానే అందుకొని ముగించినది.

ఆ గ్రంథమునందే శుభ యను భిక్షుణి కథ కలదు. జీవకుని మామిడితోటలో నొక యువకుడు ఆమె త్రోవకు అడ్డుపడి ఆమె కన్నుల యందమును పొగడుచు వెంటాడెను. కన్ను అనునది యేమో ఆమె అతనికి నెమ్మదిగా వివరించి, తుదకు తన కంటినే పెరికి అతని చేత నుంచినది. అతని మోహము తక్షణమే చల్లారినది. ఆ కథలో కన్ను పోగొట్టుకొన్నది ఆమె. కాని గ్రుడ్డివాడుగా నుండినది అతడు. అతనికి కావలసినది కన్ను కాదనియు, ఆ కంటిలోనుండి చూచునట్టిది యొకటి కలదనియు అతడు తలచియుండలేదు.

వైరాగ్యము పేరిట జరుగు పొరపాటు

ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదమును గమనింపవలెను. ఆధ్యాత్మిక గ్రంథములలోను స్త్రీశరీరమును నిందించు పద్యములు పెక్కులు కలవు. భర్తృహరి శృంగారశతకమును, వైరాగ్యశతకమును రెండును రచించెను. వానిని ఏనుగు లక్ష్మణకవి మొదలగువారు తెనుగుచేసిరి. పూవులతో పోల్చబడిన అవయవములే వైరాగ్యపు మాటలలో మాంసముగాను, ఎముకలుగాను లెక్కింపబడును. మోహమును త్రుంచుకొనుటకు సాధకునికి అట్టి విచారము ఒక దశలో మందువంటిదే. కాని మందు ఆహారము కాదు. నిన్న పూజించి నేడు అసహ్యించుకొనువాడు రెండుమారులును చూచినది మేనినే. నిన్న అది అమృతమనుకొనెను, నేడు విషమనుకొనుచున్నాడు. దాని వెనుక నున్న జీవుని ఆ నాడును చూడలేదు, ఈ నాడును చూడలేదు.

అంబపాలి తన మేనిని గూర్చి తాను పలికినది. అది జ్ఞానము. మరియొకరి మేనిని గూర్చి రోత పలుకుట సులభము; దానికి జ్ఞానము అవసరము లేదు. తనలోని కామమునకు ఎదుటివారి శరీరమును దోషిగా నిలుపుట న్యాయమును కాదు, వైరాగ్యమును కాదు. శుద్ధి కావలసినది చూచువాని కన్ను. దానికి బదులుగా చూడబడు నామెను దూషించుట, నీరు మురికిగా నున్నదని ప్రతిబింబమును నిందించుటవంటిది.

పాదములనుండి మొదలగు చూపు

అట్లయిన శుద్ధమైన చూపు ఎట్లుండును? దీనికొక సూచన కాళిదాసుని కుమారసంభవమున దొరకును. ప్రథమసర్గమున కవి పార్వతి యౌవనమును వర్ణించుచు తలనుండి ప్రారంభింపక, కాలివ్రేళ్ళ గోళ్ళనుండి ప్రారంభించెను. తెలుగునాట మెదకుసీమలోని కొలిచెలమకు చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి ఆ తావున నొక నియమమును తెలిపెను: మానవులను శిరస్సునుండియు, దేవతలను పాదములనుండియు వర్ణింపవలెనని. ఇది కేవలము అలంకారశాస్త్రపు మర్యాదగా తోచవచ్చును. కాని దీనిలో ఒక మనస్తత్త్వ మున్నది. ఎదుటివారి పాదములవద్ద మొదలగు చూపు ముందుగా తాను వంగవలెను. వంగిన చూపు కొలవలేదు.

రామాయణమున లక్ష్మణుడు ఇట్టి చూపునకు నిదర్శనము. ఋశ్యమూకముపై సుగ్రీవుడు సీత జారవిడిచిన నగలను తెచ్చి చూపగా, రాముడు కన్నీటితో లక్ష్మణుని చూడుమనెను. అతడు భుజభూషణములను, కర్ణభూషణములను గుర్తింపజాలక, నిత్యము పాదములకు మ్రొక్కుటచే అందెలను మాత్రమే గుర్తించెను. పదుమూడేండ్లు వనమున తోడుండియు అతని కనులు కొలతకు పూనుకొనలేదు.

అయినను ఈ నియమమును యాంత్రికముగా పట్టుకొనరాదు. శంకరభగవత్పాదుల పేరిట నున్న సౌందర్యలహరిలో దేవి వర్ణన కిరీటమునుండి మొదలై పాదములవరకు దిగును. అక్కడ క్రమము మానవులదే. కాని చూచువాడు శిశువు. కాముకుల కావ్యములలో పొగడబడు స్తనములు ఆ స్తోత్రములో బిడ్డకు పాలిచ్చు తల్లి స్తనములు. ఆ పాలు త్రాగిన ద్రవిడశిశువు కవియైన కథ అందు చెప్పబడినది. అవే యవయవములు, అదే క్రమము. మారినది చూచువాడు మాత్రమే. కావున తలనుండియా, పాదములనుండియా అనునది ముఖ్యము కాదు. చూపు కొనుగోలుదారునిదా, బిడ్డదా అనునదే ముఖ్యము.

కుమారసంభవమునకు మరల వచ్చినచో, మన్మథుడు భస్మమైన పిదప పార్వతి తన రూపమును తానే మనసున నిందించుకొన్నది. రూపముచే గెలువదలచినది రూపముచే సాధ్యము కాలేదు. అప్పుడామె నగలు తీసివైచి, నారచీర కట్టి, జడలు దాల్చి తపస్సునకు పూనెను. ఆ దశలో శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చి శివునే నిందించెను: మూడు కన్నులవాడు, పుట్టుక తెలియనివాడు, కట్ట బట్టలేనివాడు, వరునియందు చూడదగిన గుణములలో ఒక్కటియు లేనివాడు. అనగా పెండ్లిచూపుల కొలబద్దను ఈమారు పురుషునిపై పెట్టి చూపెను. పార్వతి ఆ కొలబద్దను చేతపట్టుకొని శివుడు అందగాడని వాదింపలేదు. ఆ కొలబద్దనే త్రోసివైచినది. శివుని తత్త్వమును నిజముగా ఎరిగినవారు లేరనియు, తన మనస్సు అతనియందే నిలిచినదనియు చెప్పి లేచిపోబోయినది. ఆ క్షణముననే శివుడు నిజరూపమున నిలిచి, ఆమె తపస్సునకు తాను దాసుడనని యొప్పుకొనెను. రూపము తేలేనిదానిని, రూపమును దాటి చూచిన చూపు తెచ్చినది.

అమ్మ యను పిలుపు

తమిళదేశపు శైవభక్తులలో కారైక్కాల్ అమ్మయార్ చరిత్ర ఈ సందర్భమున స్మరింపదగినది. 12వ శతాబ్దినాటి పెరియపురాణము ఆమె కథను చెప్పుచున్నది. భర్త తనను విడిచి వేరొక వివాహము చేసికొన్న పిదప, అతనికొరకు మోసిన సౌందర్యము తనకిక వలదని ఆమె శివుని వేడి భూతగణముల రూపమును పొందినది. కైలాసమును పాదములతో త్రొక్కరాదని తలతో నడచి యెక్కినది. ఎముకలగూడువంటి ఆ రూపము ఎవరిదని పార్వతి యడుగగా, శివుడు ఆమెను ‘అమ్మా’ యని పిలిచెను. తల్లియు తండ్రియు లేని దేవుడు తల్లిగా పిలిచినది లోకము చూడజాలని రూపము గల స్త్రీని. చోళకాలపు కంచుశిల్పులు ఆ యెండిన మేనిని, చేతిలోని తాళములను, వెలుగుచున్న ముఖమును ఎట్టి సంకోచమును లేక పోతపోసి దేవాలయములలో నిలిపిరి.

ఇట్టి చూపు పురాణములకే పరిమితము కాదు. 1872లో శ్రీ శారదాదేవి, భర్తకు మతి చలించినదను పుకార్లు విని, జయరాంబాటినుండి దక్షిణేశ్వరమునకు కాలినడకను బయలుదేరిరి. త్రోవలో తీవ్రమైన జ్వరము వచ్చి ఒకచోట పడిపోయిరి. ఆ రాత్రి యొక స్త్రీ వచ్చి ప్రక్కన కూర్చుండి, చల్లని చేతితో తల నిమిరి, తాను దక్షిణేశ్వరమునుండి వచ్చితినని చెప్పినట్లు ఆమెకు దర్శనమైనది. ఆ స్త్రీ మేను నల్లనిది. అయినను అంతటి సౌందర్యమును తామెన్నడును చూచి యెరుగమని శారదాదేవి తరువాత చెప్పిరి. ‘నల్లనిది, అయినను’ అను మాట లోకులది. ఆ రాత్రి కనబడిన సౌందర్యమునకు ఆ ‘అయినను’ అక్కరలేదు.

దక్షిణేశ్వరము చేరిన పిదప, ఫలహారిణీ కాళీపూజనాటి రాత్రి శ్రీరామకృష్ణులు ఆమెను పీటపై కూర్చుండబెట్టి షోడశిగా, త్రిపురసుందరిగా పూజించిరి. త్రిపురసుందరి యనగా మూడు లోకములకును సుందరి. ఆ నామమును పొందిన స్త్రీ పల్లెటూరి యిల్లాలు, పదునెనిమిదేండ్లు నిండినది, చదువు స్వల్పము. పూజాంతమున ఆయన తమ సాధనఫలమును, జపమాలను ఆమె పాదములవద్ద సమర్పించిరి. కాళిదాసు వర్ణనను ఎక్కడ ఆరంభించెనో అక్కడనే ఆ పూజ ముగిసినది. ఇంతటి భావము గల ఆయన అలంకారమును ఈసడింపలేదు. పంచవటిలో తమకు దర్శనమిచ్చిన సీతాదేవి చేతుల కుండిన గాజులవంటివానినే బంగారముతో చేయించి ఆమెకు తొడిగించిరి. ఆ గాజులలో కొలత లేదు, స్మృతి యున్నది.

ఒక యాక్షేపణము

స్త్రీని తల్లియనుటయు మరియొక చెర కాదా యని ఎవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నకు తలుపు మూయరాదు. దేవియని పీఠమెక్కించి, ఆమె మాటను వినకుండుట సులభము. పీఠము చూపునకు అందనంత ఎత్తుగా నున్నప్పుడు వినవలసిన పనియు లేదు. అట్టి మాతృపూజ పాత కొలబద్దకు పసుపుకుంకుమలు పూయుటయే. వివేకానందస్వామి ఈ యపాయమును ఎరిగియే, స్త్రీలకు విద్య నిచ్చి ఊరకుండవలసినదనియు, తమకేమి కావలెనో నిర్ణయించుకొనువారు వారే యనియు ఖండితముగా చెప్పిరి. ఆయన యభిలాష ననుసరించి 1954లో శ్రీ శారదామఠము స్థాపింపబడి, 1959లో సన్న్యాసినుల స్వతంత్రసంస్థ యైనది. నిజమైన మాతృభావమునకు గుర్తు ఇదియే: చూడబడుచుండిన స్త్రీ తానే చూచునదిగా, తానే పలుకునదిగా లేచి నిలుచుట. అంబపాలి నోటినుండి వెలువడినది ఆ పలుకే.

మరియొకరు, ఇట్లయిన దాంపత్యమున అనురాగమునకు చోటు లేదా యని అడుగుదురు. చోటు లేకున్నచో యాజ్ఞవల్క్యుడు ఆ తత్త్వమును తన భార్యయగు మైత్రేయికి చెప్పియుండడు. భార్య భర్తకు ప్రియమగుట, భర్త భార్యకు ప్రియమగుట ఆత్మ నిమిత్తముననే యని బృహదారణ్యకము బోధించును. ఇది ప్రేమను తగ్గించుట కాదు. ప్రేమకు పునాది చూపుట. భవభూతి ఉత్తరరామచరితమున, ముసలితనము కూడ హరింపలేని రసము కలదని దాంపత్యమును కొనియాడెను. యౌవనము ఆ రసమునకు ద్వారము కావచ్చును, ఇల్లు కాదు. ద్వారమువద్దనే నిలుచుండువాడు ఇంటిలో ఏమున్నదో ఎరుగడు.

1898లో శ్రీమతి ఓలీ బుల్ కోరికపై కలకత్తాలో శ్రీ శారదాదేవి ఛాయాచిత్రము తీయబడినది. అప్పుడు ఆమెకు నలువదియైదవ యేడు. విరబోసిన కురులు, సాదాచీర, చేతులకు గాజులు. ఆ చిత్రమును నేడు దేశదేశములందు ఎందరో పీఠముపై నుంచి పూవులిడుచున్నారు. ఆ ముఖము ఏ యుగపు కొలతకు సరిపోవునో ఎవ్వరును ఇంతవరకు అడుగలేదు. అడుగవలెనని తోచనుగూడ తోచదు. దాని యెదుట కూర్చున్నవారికి కలుగు భావము ఒక్కటే: తాము చూచుచున్నామని కాదు, తాము చూడబడుచున్నామని, అదియు కొలువబడక, ఉన్నది ఉన్నట్లుగా అంగీకరింపబడుచు చూడబడుచున్నామని.

గదిలో అద్దము ముందు నిలిచిన ఆ కన్యకు చెప్పవలసిన మాట ఇప్పుడు చెప్పవచ్చును. ఆమె అందగత్తెయే యని ఓదార్చుట చాలదు. ఆ యోదార్పు పాత కొలబద్దనే మరల ఆమె చేతి కిచ్చును. ఆమె మేను మాంసపు ముద్ద యని చెప్పుట క్రూరము. అద్దములో కనబడునది చూడబడునది. దానిని చూచుచున్నది ఆమె. రంగును ఎరుగుదానికి రంగు లేదు; కొలతను ఎరుగుదానికి కొలత లేదు. ఆమెను తిరస్కరించి పోయినవారు ఆమెను చూచి తిరస్కరింపలేదు; చూడకయే పోయిరి.

వారిలో ఒకరి యింట రేపు మరియొక కన్యను చూచుటకు ప్రయాణము కావచ్చును. ఆ యింటి పెద్దలు బయలుదేరుటకు ముందు తమ పూజాపీఠముపై నున్న నల్లని కాళికను, నల్లని కృష్ణుని, నీలమేఘశ్యాముడగు రాముని ఒక్క నిమిషము చూచి పోవుట మంచిది. ఆ మూర్తుల యెదుట వంగిన తల మరునాడు ఆ కన్య యెదుట నిటారుగా నిలిచి కొలువసాగినచో, ఆ నమస్కార మెవరికి చెందినదో వారే తేల్చుకొనవలెను.